చీటీల పెట్టెలో చెయ్యి పెట్టిన చిజుయో

మా కొండ గుడికి మూడు వందల పన్నెండు మెట్లు. అందులో నూట నలభై నా హయాంలో మార్పించినవే. గుడి వెనక, తకమత్సు ఊరూ ఓడరేవూ కాళ్ల కింద పరిచినట్టు కనబడే చోట ఇనుప రెయిలింగు వేయించిందీ నేనే. పల్లెటూరి బడిలో ఎనిమిదేళ్లు చదివినవాణ్ణి. అంతకు మించి చదువు లేదు. అయినా పదిహేడేళ్లు మూడు చెరువులకు నీటిపెద్దగా ఉన్నాను. వానల్లేని ఏడాది తూము పలకలు దొంగతనంగా ఎత్తి పొలాల్లోకి నీళ్లు మళ్లించుకున్న పదకొండు మందిని పట్టుకున్నాను. పలక మీద నాచు ఎటు చెదిరిందో చూసి, చెప్పులకు అంటిన మట్టి చూసి, మనిషిని చెప్పేసేవాణ్ణి. జిల్లా అధికారి చేతి మీదుగా అందుకున్న ప్రశంసాపత్రం ఇప్పటికీ మా ఇంట్లో బుద్ధుడి గూటి పక్కన వేలాడుతోంది.

ఇంత కన్ను గలవాణ్ణి ఒక ఉడోన్ దుకాణం మనిషి విషయంలో ఎలా చూశానో, ఏం చూడలేదో రాస్తున్నాను. నా గురించి కాదు, ఆమె గురించి. ఆమె పేరు కోజాయ్ చిజుయో.

మెట్ల కింద, ఎడమ చేతి వైపు దుకాణం ఆమెది. వెలిసిపోయిన నీలం గుడ్డ తెర, పన్నెండు పీటలు. తెల్లవారకముందే లేచి, పిండి ముద్దను చాపలో చుట్టి కాళ్లతో తొక్కేది. ఐదింటికి తెర కట్టేది. ఉడోన్ అనే లావాటి గోధుమ నూడుల్స్ వేడినీళ్లలో ముంచుకోవడం, ఉల్లికాడలు తరుక్కోవడం, అల్లం తురుముకోవడం తినేవాళ్ల పనే. పన్నెండింటికల్లా సరుకు అయిపోయేది. ఆ తరువాత ఎవరొచ్చినా, ఎంతటివాడొచ్చినా, "రేపు రండి" అనేది. పడుచుదనంలో మరుగమె ఊరికి కోడలిగా వెళ్లి రెండేళ్లకే తిరిగొచ్చేసిందట. ఎందుకమ్మా అని అడిగితే, "అక్కడి ఉడోన్ మెత్తన" అందట. నేను చెబుతున్న ఏడు ఆమెకు యాభై ఎనిమిది, నాకు డెబ్బై ఒకటి. నేను అప్పుడు గుడి పెద్దల సంఘానికి అధ్యక్షుణ్ణి.

సెప్టెంబరు నెల, పెద్దల సమాధులకు జనం వచ్చే వారం. గుడి ముందున్న చీటీల పెట్టె వెనక గడియ ఎడమకు తిరిగి ఉంది. నేను ఎప్పుడూ కుడికి తిప్పి పెడతాను.

ఆ పెట్టె సంగతి చెప్పాలి. ఎనభై ఎనిమిది గుళ్ల దారి నడిచేవాళ్లు ప్రతి గుడిలో ఒక పేరుచీటీ వేసి పోతారు. పేరు, ఊరు, తేదీ, కోరిక. మాది ఆ లెక్కకు బయటి గుడే అయినా చూడాలని చాలామంది ఎక్కి వస్తారు. ఆ దారి నాలుగు చుట్లు తిరిగేదాకా తెల్ల చీటీ, ఆ పైన ఆకుపచ్చ, ఎరుపు, వెండి. యాభై చుట్లు దాటితే బంగారు రంగుది. వంద దాటితే జరీ నేతది. బంగారుదీ జరీదీ ఇంట్లో ఉంటే కీడు తొలగుతుందని జనం నమ్మకం. అందుకని పెట్టెల్లో చేతులు పెట్టి ఏరుకుపోయే దొంగలు ప్రతి గుడి దగ్గరా ఉంటారు. నావి బంగారు చీటీలు. అప్పటికే యాభై రెండు చుట్లు పూర్తిచేశాను. కాలినడకన రెండు, తక్కినవి బస్సులోనూ నా చిన్న ట్రక్కులోనూ. గుళ్లలో ఎవరూ ఆ తేడా అడగరు.

గురువుగారితో చెప్పాను. మా గుడి గురువుగారు మెత్తని మనిషి. చీపురుకు కట్టిన తాడు బిగిస్తూ, "గాలికి తిరిగిందేమోలెండి, సొగోగారూ" అన్నారు.

"గాలి గడియలు తిప్పదండీ."

"పిల్లి?"

"పిల్లికి చేతుల్లేవు."

"ఉంటే బాగుండును, ఈ ఆకులు ఊడ్చిపెట్టేది" అని ఆయన వెళ్లిపోయారు.

మూడు రోజులు గంట మండపం వెనక కూర్చున్నాను. మూడు రోజులూ ఒంటిగంటకు చిజుయో ఎక్కి వచ్చింది. చేతిలో గుడ్డసంచి, మోచేతుల దాకా ఎండిన పిండి. మనిషన్నవాడు మా కొండెక్కితే ముందు సముద్రం చూస్తాడు. దీవులు, ఓడలు, దూరాన పెద్ద వంతెన. ఆమె అటు తల కూడా తిప్పలేదు. రెయిలింగు పట్టుకుని పశ్చిమంగా, చెరువుగట్ల మీదుగా వచ్చే దారినే అరగంట చూసింది. ఎవరొస్తున్నారో కనిపెడుతోందన్నమాట, అనుకున్నాను. తరువాత గుడి ముందుకు వచ్చి దండం పెట్టుకుంది. అటూ ఇటూ చూసింది. పెట్టె వెనక్కి వెళ్లి కూర్చుంది. లేచినప్పుడు సంచి మూతి ముడివేస్తూ లేచింది.

అక్కడే పట్టుకోవచ్చు. కానీ నీళ్ల దొంగను పలక దగ్గర పట్టుకుంటే కాలు జారిందంటాడు. పొలంలో నీళ్లు చూపించి పట్టుకోవాలి. కాబట్టి మర్నాడు పొద్దున దుకాణానికి వెళ్లాను.

నేను గుడికి వచ్చేటప్పుడు యాత్రికుల తెల్ల పైబట్ట వేసుకునే వస్తాను. పీట మీద కూర్చోగానే ఆమె గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది.

"ఎంతమ్మా?"

"నడిచేవాళ్ల దగ్గర తీసుకోను."

"నేనెక్కడ నడిచాను? మెట్లు దిగొచ్చానంతే."

"తెల్లబట్ట తెల్లబట్టే కదా, సొగోగారూ. తినండి, ఉబ్బిపోతుంది."

యాత్రికుడికి ఇచ్చింది కాదనకూడదు. అది మా దేశాచారం. లంచమైనా సరే తినాల్సిందే అనుకుంటూ తిన్నాను. నూలుతాడులా సాగే ఉడోన్, దంతాల మధ్య బిగువుగా ఉంది. పుచ్చుకున్నందుకు చీటీ ఇవ్వాలి. కావాలనే నా బంగారు చీటీ తీసి రెండు చేతులతో ఇచ్చాను, కళ్లు మెరుస్తాయేమో చూద్దామని. ఆమె కళ్లకద్దుకుంది. వెళ్లి ఆవిరి పట్టిన గోడకు సూదితో గుచ్చింది. ఆ గోడ మీద అప్పటికే మూడు బంగారువి, ఒక జరీది ఉన్నాయి.

నాకింక ఏం రుజువు కావాలి?

మర్నాడే పెట్టెకు తాళం వేశాను. తాళంచెవి దారానికి కట్టి మెళ్లో వేసుకున్నాను. అంతవరకూ చీటీలన్నీ నెలకోసారి, ఇరవై ఒకటో తారీఖున, హోమంలో వేసేవారు. నెలంతా ఉంచబట్టే కదా దొంగల కళ్లు పడుతున్నాయి! ఏ రోజువి ఆ రోజే తగలబెట్టాలని సంఘంలో తీర్మానం పెట్టించాను. ఒక్కరూ ఎదురుచెప్పలేదు, నేను పెట్టిన తీర్మానానికి ఎవరూ ఎదురుచెప్పరు. సాయంత్రం నాలుగింటికి పెట్టె తీసి, బంగారువీ జరీవీ ఉంటే గురువుగారికి అప్పగించి, తక్కినవి వంటింటి వెనక ఇనుప పీపాలో వేసి కాల్చేవాణ్ణి. తెల్లవి గుప్పిళ్లతో తీసి వేసేవాణ్ణి. వాటి వైపు చూడనైనా చూసేవాణ్ణి కాదు.

చిజుయో వచ్చి తాళం చూసింది. తిరిగి రెయిలింగు దగ్గరికి వెళ్లి, అరగంట నిలబడేది గంట నిలబడింది. మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ. అక్టోబరు పోయింది. కొండ ఎర్రబడి, ఆకులు రాలడం మొదలైంది. తాళం పడిన పెట్టె దగ్గరికి దొంగ ఇన్ని రోజులు ఎందుకొస్తుంది? తాళం వేసేవాడు ఏదో ఒక రోజు మరిచిపోతాడని అనుకున్నాను. సరే, మరిచిపోదాం.

నవంబరు ఆఖరి వారంలో ఒక మధ్యాహ్నం తాళం తీసి ఉంచాను. చీటీల మీద, అందరికంటే పైన, నా బంగారు చీటీ ఒకటి పెట్టాను. గంట మండపం వెనక కూర్చున్నాను.

ఆమె వచ్చింది. తాళం లేదని చూసి చెయ్యి గుండె మీద పెట్టుకుంది. మోకాళ్ల మీద కూర్చుని తలుపు తీసింది. మొదట నా బంగారు చీటీయే చేతికొచ్చింది. దాన్ని అడ్డం వచ్చిన ఆకులా పక్కన పెట్టింది. పక్కన! తరువాత తెల్లవి ఒక్కొక్కటే తీసి, పేర్లున్న వైపు తిప్పి చదివి, సంచిలోంచి తీసిన గుడ్డ మీద వరసగా పేర్చింది. ఎర్రవి కూడా చదవలేదు. తెల్లవే.

నా తల వేడెక్కింది. అయితే ఇది చిల్లర దొంగతనం కాదు. తెల్ల చీటీ వేసేది కొత్తవాళ్లు. అమాయకులు. దాని మీద పేరుంటుంది, ఊరుంటుంది, వయసుంటుంది. ఆ మధ్యనే మా పల్లెలో ఒక ముసలమ్మకు "నీ కొడుకును మాట్లాడుతున్నా" అని ఎవడో ఫోను చేసి, ఉన్నదంతా ఊడ్చుకుపోయాడు. వాడికి పేరూ వయసూ ఎక్కడ దొరికాయా అని అందరం తలలు పట్టుకున్నాం. ఇదిగో, ఇక్కడ!

మండపం వెనక నుంచి బయటికొచ్చాను. "ఎవరికి చేరవేస్తున్నావమ్మా ఈ పేర్లన్నీ?"

ఆమె ఉలిక్కిపడలేదు. చేతిలోని చీటీ చదవడం పూర్తిచేసి, గుడ్డ మీద పెట్టి, అప్పుడు తలెత్తింది. "మీరేనా? గంట వెనక దగ్గు వినబడితే పిల్లేమో అనుకున్నా."

"హాస్యాలు వద్దు. పోలీసు ఠాణా కింద అల్లంత దూరంలో ఉంది."

"తెలుసు. వాళ్లు మంగళవారం మంగళవారం మా దగ్గరే తింటారు."

"నీ గోడ మీద జరీ చీటీ ఎక్కడిది?"

"హిమెజి నుంచొచ్చిన ఒక తాత ఇచ్చాడు. మూడు గిన్నెలు తిన్నాడు. కావాలా? పట్టుకుపోండి." ఆమె గుడ్డ మడుస్తూ అంది, "నాకు కావలసింది ఇందులోనూ లేదు."

"ఏం కావాలి నీకు?"

ఆమె సంచి దులిపింది, మోకాళ్లు దులుపుకుంది. తరువాత రెయిలింగు దగ్గరికి నడిచింది. నేను వెంట వెళ్లాను, పారిపోతుందేమోనని.

"మా తమ్ముడు మసుజో గుర్తున్నాడా, సొగోగారూ? నాన్న పోయాక పిండి వాడే తొక్కేవాడు."

లీలగా గుర్తుంది. వెడల్పు భుజాల మనిషి. తక్కినది ఆమె చెప్పింది. వాళ్లమ్మను ఆసుపత్రికి తీసుకెళుతూ బండి నడుపుతూ కునికాడట. చేసే పనేమో తెల్లవారకముందు లేచేది. తల్లి పోయింది, వీడికి కుడి భుజం విరిగింది.

"ఎవరూ వాణ్ణి ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు. అదే పొరపాటయిందో ఏమో. సంవత్సరీకం అయిన మర్నాడు తెల్లబట్టలు కట్టుకుని, నడిచొస్తానక్కా అన్నాడు. పదకొండేళ్లయింది. నడుస్తూనే ఉన్నాడు."

"ఉత్తరాలు?"

"రెండేళ్లు రాశాడు. తరువాత లేవు. పోయాడనే అనుకున్నా. మూడేళ్ల కిందట ఇరవై ఒకటో తారీఖున హోమానికి చీటీలు కట్టలు కడుతుంటే వాడి రాత కనబడింది. మా నాన్న కర్రతో కొట్టి నేర్పిన రాత, ఎలా మరిచిపోతాను? అప్పట్నుంచీ చూస్తున్నా. మార్చిలో ఒకటి, శరదృతువులో ఒకటి. తేదీ చూసుకుంటా, ఆ రోజుకు బతికున్నాడు. మళ్లీ పెట్టెలోనే పెట్టేస్తా. ఎప్పుడూ ఒక్కటి కూడా ఇంటికి తీసుకుపోలేదు."

"పదకొండేళ్లు తిరిగినవాడు ఇంకా తెల్ల చీటీ ఎందుకు వేస్తాడు? ఈపాటికి వెండి చీటీ వచ్చుండాలి!"

"అది వాణ్ణే అడగాలి" అంది ఆమె, నా మెడలోని తాళంచెవిని చూస్తూ.

గురువుగారికి ఎందుకు చెప్పలేదని అడిగాను. మాకెందుకు చెప్పలేదని అడిగాను.

"చెబితే ఏం చేస్తారో నాకు తెలీదా? మెట్టుకొకరు కూర్చుంటారు. వాణ్ణి పట్టుకుని ఊరేగించి తెచ్చి నాకు అప్పజెబుతారు, ఫోటో కూడా తీయిస్తారు. ఆ మర్నాడు వాడు ఈ దారే మానేస్తాడు. అప్పుడు నాకు చీటీ కూడా ఉండదు."

నిజమే. నేనైతే ఫోటో తీయించేవాణ్ణి.

"ఈ శరదృతువులో..." అని మొదలుపెట్టి ఆగాను. రెండు నెలలు కాల్చాను. గుప్పిళ్లతో.

ఆమె దూరంగా చెరువుగట్లనే చూస్తూ అంది: "మీరు కాల్చినవాటిలో ఉందనుకుంటే నాకు మంచిదే కదా. లేదనుకుంటేనే కష్టం."

యాభై రెండు చుట్లలో, ఎనభై ఎనిమిది గుళ్లలో ఏ గురువూ నాతో అలా మాట్లాడలేదు. అయినా ఆ రాత్రి పక్క మీద ఇంకో అనుమానం లేచింది: ఇదంతా కట్టుకథ అయితే? తెల్లవారి పల్లెలో నలుగురినీ విచారించాను. అమ్మ, బండి, భుజం, అన్నీ నిజమే. తాళం తీసి చెరువులో పారేశాను. తీర్మానం రద్దు చేయించాను. కారణం చెప్పలేదు. అధ్యక్షుణ్ణి కాబట్టి ఎవరూ అడగలేదు.

ఆ చలికాలమంతా ఒంటిగంటకు పెట్టె దగ్గర ఇద్దరం కూర్చుని తెల్ల చీటీలు చదివాం. ఒక్కటీ ఆ రాతది లేదు. జనవరి వచ్చేసరికి ఆమె మాటలు తగ్గాయి. ఫిబ్రవరిలో దుకాణం రెండు రోజులు తెరవలేదు. అంతవరకూ ఆ దుకాణం తెర కట్టని రోజు నేనెరగను.

అప్పుడు నేనో ఉపాయం చెప్పాను. "మార్చి వస్తోంది. నీకు మధ్యాహ్నం దాకా తీరదు. పొద్దున్నించీ నేను చూస్తాను. దూరం చూడ్డంలో ఈ జిల్లాలో నా అంతటివాడు లేడు, అవతలి గట్టు మీద పాము పాకితే చెప్పేవాణ్ణి. నువ్వు రోజూ ఒక డబ్బా ఉడోన్ కట్టివ్వు. వస్తే ఇస్తాను. యాత్రికుడు ఇచ్చింది కాదనకూడదు. పుచ్చుకున్నాక చీటీ చేతికివ్వాలి. పట్టుకోవడం లేదు, పిలవడం లేదు."

"తింటే వాడికి తెలిసిపోతుంది."

"తెలిస్తే?"

"మళ్లీ రాకపోతే?"

వారం రోజులు డబ్బా రాలేదు. ఎనిమిదో రోజు నేను మెట్లెక్కబోతుంటే తెర పక్కకు తోసి, గుడ్డలో చుట్టిన డబ్బా నా చేతిలో పెట్టింది. "సోయా పులుసు పక్క గిన్నెలో ఉంది. ముందే కలపకండి."

పద్దెనిమిది డబ్బాలు నేనే తిన్నాను. పంతొమ్మిదో రోజు, మార్చి ఇరవై రెండు, పొద్దున పదిన్నరకు పడమటి చెరువు గట్టు మీద బియ్యపుగింజంత తెలుపు కదిలింది. యాత్రికులు కర్ర కుడిచేత పడతారు. ఈ తెలుపుకు కర్ర ఎడమవైపు ఉంది.

అయినా నమ్మలేదు. ఎడమచేతివాటం మనిషి కావచ్చు. గంట వెనక్కి వెళ్లాను. ముప్పావుగంటకు అతను మెట్ల వైపు రాకుండా పడమటి కాలిబాటన ఎక్కి వచ్చాడు. ఎండకు నల్లబడ్డ ముఖం, గడ్డం నెరిసింది, కుడి భుజం కిందికి వాలింది. మందిరం వైపు పోలేదు. తిన్నగా రెయిలింగు దగ్గరికి వెళ్లి, సముద్రాన్ని కాదు, కిందికి చూశాడు. నేనూ మెడ చాచి చూశాను. నేను వేయించిన రెయిలింగు దగ్గర నిలబడితే, పెంకుటిళ్ల మధ్య నుంచి ఒక దుకాణం వెనక గొట్టం, దాంట్లోంచి లేచే తెల్లని ఆవిరి కనబడతాయని ఇన్నేళ్లలో నాకే తెలీదు. ఆవిరి చూశాక అతను తలపాగా తీసి చెమట తుడుచుకున్నాడు.

డబ్బా పట్టుకుని వెళ్లాను. "నాయనా, పుచ్చుకో."

నన్ను చూశాడు, డబ్బా చుట్టిన గుడ్డను చూశాడు. చేతులు వెంటనే చాచలేదు. నేను డబ్బా అలాగే పట్టుకుని నిలబడ్డాను. చివరికి తలవంచి పుచ్చుకున్నాడు. రాతి బల్ల మీద కూర్చుని పులుసు పోసుకుని, మొదటి పోగు నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. తక్కినదంతా గబగబా తిన్నాడు. పులుసు గిన్నె ఎత్తి తాగాడు. డబ్బా గుడ్డతో తుడిచి, ముడివేసి, నాకిచ్చాడు.

"చలి పోయింది" అన్నాడు. గొంతు మాట్లాడ్డం మరిచినవాడిలా ఉంది. "పిండి నీళ్లలో ఉప్పు ఇంకా శీతాకాలం కొలతే పడుతోంది. కొంచెం పెంచమనండి."

"ఎవరికి చెప్పమంటావు?"

అతను మెడలోని సంచిలోంచి ఒక తెల్ల చీటీ తీసి, రెండు చేతులతో ఇచ్చాడు. నా జేబులో బంగారు చీటీలున్నాయి. చెయ్యి అటు పోయింది కానీ, ఊరికే తిరిగొచ్చింది. అతను మందిరంలో దండం పెట్టుకుని, పెట్టెలో ఇంకో తెల్ల చీటీ వేసి, తూర్పు దారిన దిగిపోయాడు. వెంటబడలేదు. నా జన్మలో ఒక మనిషిని చూసి కూడా వెంటబడకుండా వదిలింది అప్పుడే.

చీటీ చేత్తో పట్టుకుని మూడు వందల పన్నెండు మెట్లు దిగాను. దుకాణంలో ఇంకా నలుగురు తింటున్నారు. చిజుయో జల్లెడ పక్కన పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకుని, చీటీ తీసుకుంది. పేరు చదివింది, తేదీ చదివింది. కోరిక రాసేచోట ఏమీ లేదు.

"ఏమన్నా అన్నాడా?"

"ఉప్పు శీతాకాలం కొలతే పడుతోందిట. పెంచమన్నాడు."

ఆమె ముఖం ఎర్రబడింది. "పదకొండేళ్లు! పదకొండేళ్లు మొహం చూపించకుండా తిరిగి, నాకు ఉప్పు నేర్పడానికొచ్చాడా!" అని గట్టిగా అరిచింది. తింటున్న నలుగురూ చేతులు ఆపేశారు. ఒకాయన భయపడి, "నాకు బాగానే ఉందమ్మా" అన్నాడు.

"మీకేం తెలుసు, మీరు తినండి!" అని ఆమె వెనక గదిలోకి పోయింది. చాలాసేపు రాలేదు. తొట్టిలో నీళ్లు పోసిన చప్పుడు వినబడింది, గలాసుతో కొలిచిన చప్పుడు, మళ్లీ పోసిన చప్పుడు.

మర్నాడు పొద్దున ఐదింటికి, తెర కడుతుండగానే వెళ్లి కూర్చున్నాను. ఉప్పు పెరిగింది. అతను చెప్పింది నిజమే, అంతకు ముందు పద్దెనిమిది డబ్బాలు తిన్నా నేను కనిపెట్టలేకపోయాను.